కాఫీ షాపు ఫ్రూట్ ఐస్‌డ్ టీ ఇంట్లో చేస్తే నీళ్లగా, చేదుగా వస్తోంది. ఏం చేయాలి?

మియాపూర్_మెట్రో

ఆఫీసు కింద కాఫీ షాపులో పీచ్ ఐస్‌డ్ టీ ఒకటి, ఎర్రగా పుల్లగా ఉండే బెర్రీ టీ ఇంకొకటి అమ్ముతారు. నాకూ మా చెల్లికీ బాగా అలవాటైపోయాయి. రెండు గ్లాసులకు బిల్లు ఐదొందలు దాటుతోందని ఇంట్లోనే మొదలుపెట్టాను. రోజూ వాడే టీ పొడి మరిగించి, వడకట్టి, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున ప్యాకెట్ జ్యూసు, ఐసు కలుపుతున్నాను. ఫ్రిజ్‌లోంచి తీసేసరికి టీ మసకబారిపోతోంది. తాగితే ముందు చేదు, ఆ వెనకే వగరు. ఐసు సగం కరిగేసరికి అసలు రుచే ఉండటం లేదు. షాపు గ్లాసులో ఆఖరి గుక్క దాకా ఒకేలా ఉంటుంది కదా, వాళ్లు ఏం చేస్తారు? తెలిసినవాళ్లు కాస్త గ్రాముల్లో చెప్పండి, ఇంట్లో చిన్న కాటా ఉంది.

ఇరానీ_అడ్డా

టీ అంటే వేడిగా తాగేది. పండు అంటే కొరుక్కు తినేది. రెండిట్నీ ఐసులో ముంచి అంత డబ్బు గుంజేవాడు తెలివైనవాడే. ఇచ్చేవాళ్ల గురించి నేనేం మాట్లాడను.

స్టీల్_షేకర్

వైజాగ్ బీచ్ రోడ్డులో ఒక కెఫేలో కొన్నాళ్లు కౌంటర్ వెనక పనిచేశాను కాబట్టి చెబుతున్నా. అక్కడ పెద్ద రహస్యమేమీ లేదు తమ్ముడూ. టీ రెట్టింపు చిక్కగా దింపుతారు, అంతే. ఐసు కరిగి కలిసే నీళ్లు కూడా ముందే లెక్కలో ఉంటాయి. నువ్వు తాగడానికి సరిపోయేంత చిక్కదనంతో కాచి, దాని మీద ఐసు వేస్తున్నావు. ఇక పల్చబడక ఏమవుతుంది?

వేడిగా తాగే బ్లాక్ టీకి 250 మి.లీ. నీళ్లకు 2 నుంచి 2.5 గ్రాముల ఆకు చాలు. ఐస్‌డ్ టీకి అవే నీళ్లకు 5 గ్రాములు వెయ్యి. నీళ్లు తెర్లాక స్టవ్ ఆపేసి, అప్పుడు ఆకు వేసి మూత పెట్టి 4 నిమిషాలు వదిలెయ్. ఆకుతో పాటు మరిగించొద్దు. పాల టీని మరిగిస్తాం, ఎందుకంటే ఆ వగరును పాలు తగ్గించేస్తాయి. ఇక్కడ పాలు లేవు, వగరంతా నాలుక మీదే పడుతుంది. చిక్కదనం చాలకపోతే ఆకు పెంచాలి గానీ టైము పెంచకూడదు. వడకట్టేటప్పుడు జాలీలో మిగిలిన ఆకును చెంచాతో నొక్కే అలవాటు అందరికీ ఉంటుంది. అది కూడా మానెయ్.

కలపడం ఇలా: మూత గట్టిగా బిగుసుకునే స్టీలు సీసా తీసుకో. చల్లారిన టీ 120 మి.లీ., పండ్ల సిరప్ 30 మి.లీ., చల్లటి నీళ్లు 50 మి.లీ., నిమ్మరసం రెండు చెంచాలు, ఐసు సీసా నిండా. చేతికి సీసా చురుక్కుమని చల్లగా తగిలేదాకా గట్టిగా ఊపు. పది పదిహేను ఊపులు చాలు. షాపు గ్లాసు మీద కనిపించే ఆ సన్నటి నురగ ఈ ఊపడంతోనే వస్తుంది, అందులో వేరే మందేమీ కలపరు. గ్లాసులో వేసి చెంచాతో తిప్పితే అది రాదు, చక్కెర అడుగునే ఉండిపోతుంది, పైన ఉత్త టీ తాగుతావు.

మియాపూర్_మెట్రో

అన్నా, థాంక్స్. ఆకు ఎక్కువ, టైము తక్కువ. ఇది నాకు తట్టనే లేదు. మరి మసకబారడం సంగతేంటి? చిక్కగా దింపితే ఇంకా ఎక్కువవుతుందేమో?

నీలగిరి_ఆకు

ఎక్కువే అవుతుంది. కంగారు పడకండి, అది పాడవడం కాదు. టీలోని కెఫీనూ వగరు పదార్థాలూ వేడిలో విడివిడిగా కరిగి ఉంటాయి. చల్లబడగానే ఒకదాన్నొకటి పట్టుకుని సన్నటి రేణువులుగా తేలతాయి, అదే ఆ మసక. కాస్త మరిగే నీళ్లు పోస్తే మళ్లీ తేటపడుతుంది, చేసి చూడండి. వేడి టీని నేరుగా ఫ్రిజ్‌లో పెట్టకుండా బయట చల్లారనిచ్చి పెడితే చాలావరకు తగ్గుతుంది.

అసలు తేడా ఆకులో ఉంది. మన ఇళ్లలో ఉండేది సీటీసీ పొడి. పళ్లున్న రోలర్ల మధ్య ఆకును నలిపి, చించి, చిన్న గుళికలుగా చుడతారు. 1930 ప్రాంతంలో అస్సాంలో మొదలైన పద్ధతి ఇది. రంగూ కడక్కూ గబగబా దిగుతాయి, పాల టీకి దానికి మించింది లేదు. ఐస్‌డ్ టీకి మాత్రం ఆకు రూపంలో ఉండే ఆర్థొడాక్స్ టీ తీసుకోండి. నీలగిరి ఆకు అయితే మరీ మంచిది, చల్లబడినా తేటగా ఉంటుందని దానికి పేరు. సువాసన ఉంటుంది గానీ పండును తొక్కెయ్యదు.

ఇంకో దారి, అసలు వేడే చేయకపోవడం. లీటరు చల్లటి నీళ్లలో 15 గ్రాముల ఆకు వేసి, మూత పెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. 8 నుంచి 10 గంటలు. చల్లటి నీళ్లలోకి వగరు తక్కువ దిగుతుంది, కెఫీనూ తక్కువే, మసక దాదాపు ఉండదు. నా ఓటు దీనికే. నీళ్లు మాత్రం ఫిల్టరువి వాడండి. బోరు నీళ్లతో కాస్తే పైన తెట్టు కడుతుంది, రంగు కూడా నల్లబడుతుంది.

స్టీల్_షేకర్

చల్లటి నీళ్ల పద్ధతి బాగుంటుంది, కాదనను. కానీ పీచ్, మామిడి లాంటి గట్టి సిరప్ వేసినప్పుడు ఆ టీ ఎక్కడుందో వెతుక్కోవాలి. నాకైతే వేడి నీళ్లదే ఇష్టం. ఉత్త నిమ్మకాయ, పుదీనా అయితే నీలగిరి గారి మాటే రైటు.

డాలస్_కరివేపాకు

ఇరానీ_అడ్డా గారూ, ఇది నిన్నా మొన్నా పుట్టిన దోపిడీ కాదండీ. మా అమెరికా వైపు 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో ఐస్‌డ్ టీ పుట్టిందని కథలు చెబుతారు. నిజానికి అంతకుముందే వంట పుస్తకాల్లో ఉంది, ఆ ఎండాకాలం ప్రదర్శనకు వచ్చిన జనం వల్ల పేరొచ్చింది. ఇక్కడ దక్షిణాది రాష్ట్రాల్లో హోటల్లో కూర్చుంటే మంచినీళ్లు పెట్టినంత మామూలుగా స్వీట్ టీ పెడతారు. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది: చక్కెర వేడి టీలోనే కరిగించేస్తారు. కొందరు చిటికెడు వంట సోడా కూడా వేస్తారు. చేదు విరుగుతుంది, రంగు ముదురుతుంది. చిటికెడంటే చిటికెడే, ఎక్కువైతే సబ్బు రుచి.

ఇరానీ_అడ్డా

అమెరికాలో మంచినీళ్లకు బదులు టీ పెడతారంటే పెట్టనివ్వండి. మా దగ్గర టీ పక్కన ఉస్మానియా బిస్కెట్ పెడతారు.

మియాపూర్_మెట్రో

ఇప్పుడు ఆ ఎర్ర టీ సంగతి. షాపువాళ్లు చూపించిన డబ్బా మీద హైబిస్కస్, ఆపిల్, నిమ్మగడ్డి అని ఉంది. టీ ఆకు లేనే లేదు, కెఫీన్ కూడా లేదన్నారు. అమ్మ కూడా రాత్రిపూట తాగొచ్చు అనుకున్నాను. హైబిస్కస్ అంటే మందారమే కదా అని చెల్లి అపార్ట్‌మెంటు కింద మందార పూలు కోసుకొచ్చి వేడి నీళ్లలో వేసింది. రంగు ఏదో వచ్చింది గానీ పులుపు ఏమాత్రం లేదు.

గుంటూరు_పొలంగట్టు

అమ్మాయిని ఆ పూలు దేవుడికి పెట్టమనండి నాయనా. మీరు తాగేది పెరటి మందారం కాదు, గోంగూర! ఎర్ర గోంగూరను కొయ్యకుండా వదిలేస్తే చలికాలానికి పూత పూస్తుంది. పువ్వు రాలిపోయాక కాయ చుట్టూ ముదురు ఎరుపు రేకులు దళసరిగా మిగులుతాయి. వాటిని ఎండబెట్టి విదేశాల్లో టీ అని అమ్ముతారు. ఆ పులుపు ఎక్కడిదనుకున్నారు మరి? గోంగూరదే.

మియాపూర్_మెట్రో

నిజమా? నేను తాగేది గోంగూర టీనా?

పుంటికూర_పిల్ల

నిజమే అన్నా. మాది కరీంనగర్ దిక్కు, మేం పుంటికూర అంటాం. చేన్ల గట్ల మీద పూతకొచ్చిన చెట్లుంటాయి, మా అమ్మమ్మ ఆ ఎర్ర రేకులతో పచ్చడి నూరుతది. పచ్చి రేకు తింటే పండ్లు జివ్వుమంటాయి. ఒక్క మాట: తెల్ల గోంగూర వేరే రకం, దానికి ఈ దళసరి ఎర్ర రేకులు రావు. కొనేటప్పుడు చూసుకోండి.

డాలస్_కరివేపాకు

అయ్యో, ఇక్కడ మెక్సికన్ కొట్లో బస్తాల్లో పోసి అమ్మేది అదే! "హమైకా" అంటారు, చక్కెర వేసి చల్లగా తాగుతారు. ఈజిప్టులో కర్కదే, సెనెగల్‌లో బిస్సాప్, అన్నీ ఈ మొక్కతోనే. ఇక్కడ మన తెలుగువాళ్ల పెరళ్లలో గోంగూర లేని ఇల్లు తక్కువ. అందరూ ఆకు కోసుకుని, చలి రాగానే మొక్క పీకి పారేస్తారు. టీ డబ్బాలు మాత్రం కొట్లో కొంటారు.

గుంటూరు_పొలంగట్టు

చేసే తీరు చెబుతా వినండి. కాయలు తాజాగా ఉన్నప్పుడే రేకులు విడదీయాలి. తొడిమ దగ్గర చాకుతో గుండ్రంగా కోసి వెనకనుంచి తోస్తే లోపలి పచ్చ కాయ బయటికొస్తుంది. దాని మీద సన్నటి నూగు ఉంటుంది, చేతికి గుచ్చుకుంటుంది, ఆ కాయ పారేయండి. రేకులు కడిగి, బట్ట మీద పరిచి, నీడలో ఆరబెట్టండి. ఎండలో వేస్తే రంగు వెలిసిపోతుంది. విరిస్తే పుటుక్కుమనేదాకా ఆరాలి, తడి ఉంటే బూజు పడుతుంది. గాజు సీసాలో ఏడాది ఉంటాయి.

లీటరుకు 20 గ్రాముల ఎండు రేకులు. సగం నీళ్లు మరిగించి, దించి, రేకులు వేసి 10 నిమిషాలు మూత పెట్టండి. వడకట్టి మిగతా సగం చల్లటి నీళ్లు కలపండి. రెండు నిమ్మగడ్డి ఆకులు, చిన్న దాల్చిన చెక్క ముక్క కూడా వేస్తే షాపుది దీని ముందు దిగదుడుపే. ఇత్తడి, రాగి, అల్యూమినియం గిన్నెలు వద్దు, మహా పులుపు ఇది. స్టీలో గాజో వాడండి.

స్టీల్_షేకర్

దీంట్లో పాలు పోసి పింక్ డ్రింక్ చేద్దామని ఎవరికైనా ఆలోచన వస్తే మానుకోండి, వెంటనే విరిగిపోతుంది. షాపుల్లో ఆ పింక్ డ్రింక్ కొబ్బరి పాలతో చేస్తారు, దాని బేసు కూడా వేరు.

బత్తాయి_బండి

ఇక పండ్ల సంగతికి రండి. పీచ్ కోసం మనం ఎందుకు తిప్పలు పడాలి? హిమాచల్, ఉత్తరాఖండ్ నుంచి వేసవిలో కొన్ని వారాలు వస్తుంది, అది కూడా సగం కచ్చాగా. షాపులో మీరు తాగేది కూడా పండు కాదు, సీసా సిరప్. లేబుల్ తిప్పి చూడండి, మొదటి పదార్థం చక్కెర, పండు వంతు ఎక్కడో కింద. మన మామిడి ఉండగా ఆ గొడవెందుకు?

నీలగిరి_ఆకు

మామిడి గుజ్జు టీలో కలిపితే జ్యూసు అవుతుంది గానీ టీ అవదు. అడుగున పేరుకుంటుంది కూడా.

బత్తాయి_బండి

గుజ్జు ఎవరు కలపమన్నారండీ? బంగినపల్లి ముక్కలు 200 గ్రాములు, చక్కెర 200 గ్రాములు కలిపి, మూత పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. చక్కెర పండులోని రసాన్ని బయటికి లాగేస్తుంది. మధ్యలో ఒకసారి కలపండి. పొద్దున జాలీలో వేసి, నొక్కకుండా వడకట్టండి. బంగారు రంగులో తేటగా సిరప్ దిగుతుంది. పొయ్యి ఎక్కించలేదు కాబట్టి తాజా మామిడిపండు వాసన అలాగే ఉంటుంది. మిగిలిన ముక్కలు పెరుగులో వేసి పిల్లలకు పెట్టండి. పీచ్ దొరికినా, లీచీకైనా ఇదే పద్ధతి.

జామకు మాత్రం పొయ్యి కావాలి. లోపల గులాబీ రంగు ఉండే కాయలు ముక్కలు చేసి, మునిగేన్ని నీళ్లలో మెత్తగా ఉడికించి, బట్టలో వడగట్టి, ఆ నీళ్లకు సమానంగా చక్కెర వేసి ఒక పొంగు రానివ్వాలి. అనాస అయితే కండ తినేసి తొక్కలు వాడండి. బాగా కడిగి, నీళ్లలో ఇరవై నిమిషాలు మరిగించి, వడకట్టి చక్కెర వేస్తే చాలు. పారేసే తొక్కలో అంత వాసన ఉంటుందని చాలామందికి తెలీదు. నేరేడు వద్దు, వగరు మీద వగరు. దానిమ్మ రసం గోంగూర టీలోకి బాగుంటుంది, బ్లాక్ టీలోకి ఓ మోస్తరు.

నా పేరులోనే బత్తాయి ఉన్నా సరే చెబుతున్నా, బత్తాయి రసం ముందే తీసి ఉంచకండి, గంట గడిస్తే చేదెక్కుతుంది. అప్పటికప్పుడు పిండుకుంటేనే బత్తాయి.

మియాపూర్_మెట్రో

రాత్రి మామిడి సిరప్ పెట్టాను, పొద్దున స్టీల్_షేకర్ అన్న చెప్పిన కొలతలతో ఊపాను. చెల్లి గ్లాసు తీసుకుని "ఇది కొనుక్కొచ్చావా?" అంది. రుచి చాలావరకు వచ్చింది. కానీ షాపుదాంట్లో నాలుక చివర చిన్న చురుకు ఉంటుంది, అది తక్కువగా ఉంది.

స్టీల్_షేకర్

నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. సీసా సిరపుల్లో ఉండే ఆ చురుకు దాందే. కిరాణా కొట్లో దొరుకుతుంది. పావు లీటరు సిరప్‌కు అర చెంచా కరిగించి చూడు, అప్పుడు నిమ్మరసం సగానికి తగ్గించు. సన్న ఉప్పు కూడా రెండు మూడు రవ్వలు వెయ్, ఉప్పగా తెలియకూడదు.

మందులడబ్బా

అందరూ సిరప్ అంటున్నారు, చక్కెర లెక్క కూడా చెప్పండి. నీళ్లూ చక్కెరా సమానంగా వేసిన సిరప్ 30 మి.లీ.లో దాదాపు 18 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే నాలుగు టీ చెంచాలు. బత్తాయి_బండి గారి మామిడి సిరప్‌లో ఇంకాస్త ఎక్కువే ఉండొచ్చు. షుగరు ఉన్నవాళ్లకు ఇది కుదరదు. మా ఇంట్లో వాళ్లకైతే చల్లటి నీళ్ల టీలో నారింజ చక్రాలు, పుదీనా వేసి సిరప్ లేకుండా ఇస్తున్నాం. తియ్యగా ఉండదు, వాసనకు తాగుతారు.

గోంగూర టీ బీపీని కొంత తగ్గిస్తుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు రోజూ తాగే ముందు డాక్టరును అడగండి, గర్భిణులు మానేయడం మంచిది. బ్లాక్ టీ అన్నంతో పాటు తాగితే తిండిలోని ఇనుము సరిగ్గా ఒంటబట్టదు. రక్తం తక్కువ ఉన్నవాళ్లు భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట ఎడం పెట్టండి.

పుంటికూర_పిల్ల

గాజు సీసాలో నీళ్లు, టీ ఆకు వేసి మిద్దె మీద ఎండలో పెట్టే వీడియో ఒకటి తిరుగుతోంది. మన ఎండలకు బాగా వస్తదేమో, గ్యాసు కూడా మిగుల్తది కదా?

మందులడబ్బా

వద్దమ్మా. ఎండలో ఎంత పెట్టినా నీళ్లు గోరువెచ్చగా అవుతాయే గానీ మరగవు. ఆకు మీద ఉండే సూక్ష్మజీవులు చావకపోగా ఆ వెచ్చదనంలో పెరుగుతాయి. మరిగే నీళ్లలో వేయాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. మధ్యస్థం వద్దు.

రెండో_గ్లాసు

బబుల్ టీలో నల్ల గోళీల బదులు సగ్గుబియ్యం వేయొచ్చా? రెండూ కర్రపెండలం పిండివే కదా.

డాలస్_కరివేపాకు

వేయొచ్చు, పెద్ద సైజువి తీసుకుని లోపలి తెల్ల చుక్క పోయేదాకా ఉడికించండి. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడతాయి, తాగేముందే ఉడికించుకోవాలి. అంత ఓపిక లేకపోతే సబ్జా గింజలు పావుగంట నానబెట్టి వేసుకోండి. ఎర్ర టీలో చూడ్డానికీ బాగుంటాయి.

రెండో_గ్లాసు

థాంక్సండీ. ఇంకొకటి: వచ్చే నెల మా గృహప్రవేశం. భోజనాలకు ముందు నలభై మందికి మామిడి టీ ఇద్దామనుకుంటున్నా. 250 మి.లీ. గ్లాసులు. ఎంత సామాను కావాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి?

స్టీల్_షేకర్

గ్లాసుకు 100 మి.లీ. చిక్కటి టీ లెక్కన 4 లీటర్లు, దానికి 80 గ్రాముల ఆకు. సిరప్ గ్లాసుకు 25 మి.లీ. చొప్పున లీటరు. చల్లటి నీళ్లు 2 లీటర్లు. నిమ్మకాయలు పదిహేను తెచ్చుకోండి. ఐసు 5 కిలోలు, ఎండాకాలమైతే ఇంకో రెండు కిలోలు చేతిలో ఉంచుకోండి. అందరికీ ఊపి ఇవ్వలేరు కాబట్టి టీ, సిరప్, నీళ్లు, నిమ్మరసం ఒక స్టీలు క్యాన్‌లో కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. ఐసు క్యాన్‌లో వేయకండి, గ్లాసులోనే వేయాలి. లేకపోతే ముందొచ్చినవాళ్లకు చిక్కగా, చివరివాళ్లకు నీళ్లగా అందుతుంది.

సిరప్ రెండ్రోజుల ముందు, టీ ముందురోజు రాత్రి చేసుకోండి. బయటికి తీశాక ఆ పూటే అయిపోవాలి, మిగిలితే దాచకండి. ఐసు మాత్రం ఫ్యాక్టరీ దిమ్మ కొట్టించి తేవద్దు. అది చేపలు, కూలర్ల కోసం చేసేది, తాగే నీళ్లతో చేశారన్న నమ్మకం లేదు. ప్యాకెట్లలో వచ్చే తినే ఐసు తెప్పించండి, ఒకరోజు ముందే చెప్పి ఉంచాలి.